పాత సన్నీకి కొత్త కాయితం

రస్ అల్ ఖైమాల, బండ్ల పరీక్ష కేంద్రం పక్కన,
ఏసీ నీళ్లు చుక్కచుక్క కారే అద్దాల గది.
షిజిమోల్ అనే కేరళ పిల్ల,
ఆమె ముందల కంప్యూటరు, సగం తాగిన సులేమానీ.
నేను కూసున్న కుర్చీకి ఒక కాలు పొట్టిది.

వయసెంత అన్నది.
నలభయ్యారు.
నయమే, పాతికలోపు పోరగాండ్లకు ధర ఎక్కువ అన్నది.
తెల్లబడ్డ మీసం
పైసలు మిగిల్చిన మొదటి జాగ ఇదే.

లైసెన్సు ఎప్పటిది?
పందొమ్మిదేండ్లది.
మూడుసార్లు ఫెయిలయి, నాలుగోపారి చేతికొచ్చిన రాత్రి
రూముల పన్నెండుమందికి కోడికూర వండిన సంగతి
రాయడానికి ఆమె ఫారంల గడి లేదు.

బండి?
సన్నీ. రెండువేల పన్నెండు మోడలు.
అమ్మినాయన ఈజిప్టు లెక్కల సారు,
వెనక సీటుకు సుద్దముక్క మరక ఇంకా పోలేదు.
పదేండ్లు దాటిందని ఫుల్ ఇన్సూరెన్సు రాదట.
నేను గుద్దితే ఎదుటోనికి ఇస్తరట,
నా బండి పోతే నా నసీబట.

గల్ఫ్ కోసం చేసిందేనా, ఓడల వచ్చిన అతుకుల బండా?
సొంతానికా, కిరాయికా?
ఒమాన్ దాటుతవా, ఆరెంజ్ కార్డు రాయాల్నా?
యాడికి పోత బిడ్డా,
టైల్స్ గోదాముకు పోత, రూముకొస్త,
శుక్రారం చేపల మార్కెట్టు.
ఆమె నవ్వకుంటనే టిక్కులు కొట్టింది.

నో క్లెయిమ్ సర్టిఫికెట్?

అంటే ఏందని అడిగిన.
ఇన్నేండ్లు యాక్సిడెంటు చెయ్యలేదని రుజువట.
ఉంటే ధర తగ్గుతదట.

నవ్వొచ్చింది.
ల్యాండ్ క్రూజర్ నడిపిన, పెట్రోల్ నడిపిన,
మేడం తెల్ల లెక్సస్, ఇసుకతుఫాన్ల, కండ్లల్ల దుమ్ముతోని.
పిల్లలను బడికి, ముసలమ్మను డయాలసిస్‌కు,
నెత్తికి తోలు టోపీ తొడిగిన డేగను దాని డాక్టరు దగ్గరికి.
అద్దానికి ఒక గీత పడనియ్యలే.
కానీ బండ్లన్నీ అర్బాబు పేరు మీద.
బ్రేకు మీద కాలు నాది,
ఏడాదికోపారి తగ్గింపు ఆయన ఖాతాల.

ఆమె ఇంకా తెరను చూస్తనే ఉన్నది.
"నీ పేరు మీద ఒకటున్నది, లింబాద్రి భాయ్.
రెండువేల పదిహేడు. తప్పు నీదే అని రాసున్నది."

ఆ రాత్రి రెండు గంటలు.
జబల్ జైస్ దిగే వంపుకాడ కరెంటు స్తంభం,
దాన్ని హత్తుకొని పెట్రోల్ బండి ముక్కు.
అర్బాబు చిన్నకొడుకు రోడ్డు మీద కూసొని వణుకుతుండె,
ఒంటి నిండ ఊద్ అత్తరు వాసన,
పందొమ్మిదేండ్ల పోరడు, లైసెన్సు తీసి నాలుగు నెల్లు.
పోలీసులొచ్చేలోపు నన్ను లేపి పిలిపిచ్చిండ్రు.
నువ్వే నడిపినవని చెప్పు అన్నడు అర్బాబు,
పోరని పేరొస్తే కంపెనీ మెడకాయ మీద కూసుంటది.
చెప్పిన.
నా సీటు, నా చెయ్యి, నా నిద్ర, అన్నీ అప్పజెప్పిన.
తెల్లారి అయిదువందల దిర్హాములు జేబుల కుక్కిండు.
వాటితోనే ఇంటికాడ బోరు మోటరు బాగయింది,
మూడు మడులు పారినయి.
అబద్ధమాడను, అప్పుడు సంబురపడ్డ.

"నిజంగ నీ తప్పేనా?" అడిగింది షిజిమోల్.
ఇన్నేండ్లల్ల ఆ మాట అడిగింది ఆమొక్కతే.
బయట నంబరు ప్లేట్లు కడిగే పఠాన్
బకెట్ చప్పుడు చేస్తుండు.
మొన్న ఆ పోరని పెండ్లయింది,
కూర్చీలు మోయ నన్ను పిలిచిండ్రు, కడుపునిండ పెట్టిండ్రు.

నాదే అన్న.

నూటనలభై ఎక్కువ పడ్డది.
మెట్లు దిగుకుంట లెక్కేసిన:
వచ్చింది అయిదొందలు, పోయింది నూటనలభై,
ఇంక మూడొందల అరవై లాభంలనే ఉన్న.
వచ్చే ఏడు మళ్ల అడుగుతరా, అడగరా?
అది అడగడం మరిచిపోయిన.

సన్నీ రెండోపారికి స్టార్టయింది.
రోడ్డు మీద పిట్ట లేదు,
అయినా ఇండికేటర్ వేసిన.